పెరట్లో పుట్టిల్లు

మా మనవరాలు హాసిని పోయిన ఆదివారం పీతలు వండింది. గోదావరి జిల్లాలో పుట్టినవాళ్ళకు పీతలు వండడం వింతేం కాదు. పీత డిప్ప విప్పడం రాని ఆడపిల్లని మా నాయనమ్మయితే పెళ్ళిచూపుల్లోనే లేపి పంపేసేది. కాని ఈ పిల్ల ఇగురూ పెట్టలేదు, పులుసూ కాచలేదు. ఫోన్‌లో ఎవరో చేస్తుంటే చూసి, ఆన్‌లైన్‌లో ఓ పొట్లం తెప్పించింది. "అమ్మమ్మా, ఇవి గ్లాస్ నూడుల్స్. ఉడికితే గాజులాగ అవతలి పక్క కనపడుతుంది. పీతలతో కలిపి వండితే అదిరిపోద్దంట. నువ్వెప్పుడూ చూసుండవు" అంటూ తెల్లటి ఎండు చుట్టలు రెండు నీళ్ళ గిన్నెలో పడేసింది. నేను పక్కన వెల్లుల్లి ఒలుస్తున్నాను. చూడకపోవడమేమిటి! ఆ పోగుల కోసం పెసల్లోంచి పిండి తీసి, గొట్టంలో ఒత్తి, పొయ్యి మీద వెదురుకర్రకు ఆరేసిన మనిషిని చూశాను. ఆ మనిషికి అన్యాయం చేసినవాళ్ళలో మొదటిదాన్ని నేనే. ఇంట్లో ఒక్కొక్కళ్ళే వంటింట్లోకి వచ్చి వాసన చూసి పోతుంటే ఆ మాట ఎలా చెప్పను? ధైర్యం చాల్లేదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మా ఊరు ద్రాక్షారామానికి దగ్గర్లో, కాలవ గట్టున ఉండేది. ఇంట్లో నాయనమ్మ మాటకు తిరుగులేదు. మా బాబాయి మీసాలు రాకముందే రంగూన్ వెళ్ళి అక్కడ బియ్యం మిల్లులో పనిలో కుదిరాడు. మనవాళ్ళంతా ఓడలెక్కి తిరిగి రావలసి వచ్చిన రోజుల్లో ఓ రేకుపెట్టెతో, ఓ భార్యతో వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆవిడ బర్మా మనిషి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాయనమ్మ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్న, "అక్కడేం చేసుకున్నారో నాకు తెలీదు. నా కళ్ళముందు తాళి కడితేనే అది నా కోడలు" అంది. వైశాఖంలో గుళ్ళో మళ్ళీ పెళ్ళి చేయించింది. అమ్మవారి పేరు కలిసొచ్చేలా మాణిక్యం అని పేరు కూడా ఆవిడే పెట్టింది. పిన్ని అసలు పేరు బాబాయి ఒక్కడికే తెలుసు. నాయనమ్మ గయ్యాళి అనుకుంటే నాకు రాయడం సులువయ్యేది గాని, కోడలికి కొత్త చీరలు కొని, మెళ్ళో తన నల్లపూసలు తీసి వేసింది కూడా ఆవిడే. శాస్త్రంలో ఉన్నదంతా ఒక్క పొల్లు పోకుండా చేసేది. లేనిది చెయ్యడం మాత్రం ఆవిడకు చేతకాదు.

పిన్నికి తెలుగు రాదు. ప్రతి మాట చివరా 'అండి' అంటే మనవాళ్ళు సంతోషిస్తారని బాబాయి ఓడలోనే నేర్పి తీసుకొచ్చాడు. అందుకని ఆవిడ అందర్నీ 'అండి' అనేది. నన్ను "ఇలా రండి" అనేది. దూడ దగ్గర కుడితి పెట్టి "తాగండి" అనేది. కోళ్ళని తోలేటప్పుడు కూడా "పోండి, పోండి" అనేది. మా అమ్మ చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. "మనకన్నా అదే నయమే, మర్యాద తెలిసిన పిల్ల" అని నాయనమ్మ కూడా ఒకసారి నవ్వింది. ఆ నవ్వు చూసి ఇంక అంతా సర్దుకుంటుందనుకున్నాం.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు మొదటి ఆషాఢంలో అత్తగారు దాటిన గుమ్మం దాటకూడదు. నెల్లాళ్ళూ పుట్టింట్లో ఉండాలి. నెలాఖరున అత్తింటివాళ్ళు వెళ్ళి, పుట్టింటివాళ్ళు పెట్టిన భోజనం చేసి, పిల్లని తీసుకురావాలి. పిన్ని పుట్టిల్లు సముద్రం అవతల ఉంది. ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. పక్కింటివాళ్ళు "మా ఇంట్లో ఉంచండి, మేమే పుట్టింటివాళ్ళం అనుకోండి" అన్నారు. నాయనమ్మ ఒప్పుకోలేదు. "వాళ్ళ ఇంటిపేరేంటి, దీని ఇంటిపేరేంటి? ఎవరి పుట్టిల్లు వాళ్ళకే" అంది. ఆలోచించి ఆలోచించి చివరికి పెరట్లో పిడకలూ కొబ్బరి డొక్కలూ పోసుకునే తాటాకు పాక ఖాళీ చేయించి, పేడతో అలికించి, ముగ్గు వేయించింది. "ఈ నెల ఇదే దాని పుట్టిల్లు" అని ఇంటిల్లిపాదికీ చెప్పింది. మా వెనక గుమ్మానికి ఆ పాక ముప్ఫై అడుగులుంటుంది. పసుపు, కుంకుమ, చీర, కుంచెడు పెసలు, బియ్యం ఇచ్చి, వాన వెలిసిన వేళ చూసి, పిన్నిని ఆ ముప్ఫై అడుగులూ నడిపించి పుట్టింటికి పంపారు. మా అమ్మ వెనకాల గొడుగు పట్టుకెళ్ళింది.

బాబాయి ఆవిడకి ఏం చెప్పాడో, ఎంత చెప్పాడో నాకు తెలీదు. పాక చేరిన రెండో రోజు నుంచి మాత్రం పిన్ని నిజంగా పుట్టింటికి వచ్చిన పిల్లలాగే తిరిగింది. జుట్టు విరబోసుకుని కూచునేది. తన భాషలో ఏదో పాడుకునేది. నేను బడి నుంచి రాగానే పరిగెత్తుకెళితే గుమ్మంలో ఎదురొచ్చి, కాళ్ళకి నీళ్ళిచ్చి, చుట్టం వచ్చినట్టు పీట వేసేది. పాకంతా తడిసిన తాటాకు వాసన, పొగ వాసన, నువ్వుల నూనె వాసన. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. చెప్పమంటే చెప్పలేను. ఆషాఢం ఆఖరి రోజు అత్తింటివాళ్ళు వచ్చి తింటారు, తింటే తనని ఇంట్లోకి తీసుకెళతారు, ఇంక తను ఆ ఇంటి మనిషి. ఇంతవరకు ఆవిడకి స్పష్టంగా అర్థమైంది. ఆ ఒక్క పూట భోజనం కోసం నెల్లాళ్ళూ పనిచేసింది.

పెసలు నానబోసి, పొట్టు తీసి, రుబ్బురోట్లో మెత్తగా రుబ్బేది. ఆ పిండిని గుడ్డలో వేసి నీళ్ళలో పిసికి పిసికి, ఆ తెల్ల నీళ్ళని కుండలో కదపకుండా ఉంచేది. తెల్లారేసరికి అడుగున సుద్దలాగ పిండి పేరుకునేది. పైనీళ్ళు వంచేసి, ఆ పిండిని ఆరబెట్టి, కొంచెం తీసి గంజిలాగ కాచి, అందులోనే మిగతా పిండి వేసి మర్దించేది. మా అమ్మ దొంగతనంగా ఇచ్చిన జంతికల గొట్టంలో అన్నిటికన్నా సన్న బెజ్జాల బిళ్ళ వేసి, మరిగే నీళ్ళలోకి ఒత్తేది. తేలిన పోగుల్ని చన్నీళ్ళలోకి తీసి కర్రకు ఆరేసేది. దాన్ని వాళ్ళు చాజన్ అంటారట. మొదటిసారి పోగులన్నీ అతుక్కుపోయి ముద్దయ్యాయి. రెండోసారి వానగాలికి బూజు పట్టింది. మూడోసారి కర్రని పొయ్యి పైన కట్టి, పొగలో ఆరబెట్టింది. అవి ఎండి గలగలమన్నాక నా చేతిలో ఓ చుట్ట పెట్టి, "చూడండి, చూడండి" అని నవ్వింది. ఆ చుట్టని పొలం గట్ల మీద నేను పట్టుకొచ్చిన చిన్న పీతలతో వండి నాకొక్కదానికే పెట్టింది. నేను గిన్నె నాకేశాను. నాకు అది అంత ఇష్టమైంది. ఆ సంగతి చెప్పకపోతే నేను చేసిన పని పూర్తిగా తెలియదు.

ఆషాఢం ఆఖరి రోజు అమావాస్య. పిన్ని అదృష్టమని అందరూ అనుకున్నారు. అమావాస్య పీతకి కండ ఉంటుంది, పౌర్ణమి పీత డొల్ల. సముద్రపు పాయల దగ్గర నుంచి చేపలు తెచ్చే పోలమ్మ ఆ పొద్దున్న తట్టలో డజను మండ పీతలు గడ్డితాళ్ళతో కట్టి తెచ్చింది. "నొక్కి చూడండమ్మా, రాయిలాగ ఉన్నాయి. పుట్టింటివాళ్ళు పెట్టే భోజనం కదండి, ఏరి తెచ్చాను" అని, మంచి గుడ్డు పీత ఒకటి ఊరికే పడేసింది. పిన్ని వాటి డిప్పలు విప్పి, డెక్కలు రోకలిబండతో చితక్కొట్టి, మట్టి దాకలో అడుగున నానిన చాజన్ పరిచి, పైన పీతలు పేర్చింది. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, నువ్వుల నూనె, దంచిన ఎండు రొయ్యల పొడి. కారం లేదు, చింతపండు లేదు. మూత పెట్టి సన్న సెగ మీద వదిలేసింది. పీతలోంచి దిగిన నీరంతా ఆ పోగులు తాగాలి. అదీ వంట. దాక దగ్గర కూచుని మంట ఎగసినప్పుడల్లా పిడకని వెనక్కి లాగడం నా పని. నేను ఆ పని చేసినందుకు నాకు గుడ్డు పీత పెడతానని సైగ చేసి చెప్పింది.

పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్ళిన మా మేనత్త కొడుకులిద్దరూ ముందు రోజే మా ఇంట్లో దిగారు. మధ్యాహ్నం సన్నగా వాన పడుతుండగా నాయనమ్మ, నాన్న, బాబాయి, ఆ ఇద్దరు బావలు గొడుగులేసుకుని ముప్ఫై అడుగులూ నడిచి పాకకొచ్చారు. "వియ్యాలవారిల్లు బాగా దూరమే" అని నాన్న హాస్యమాడాడు. అందరూ నవ్వారు. పిన్ని కాళ్ళకి నీళ్ళిచ్చి, అరిటాకులు వేసి, అన్నం వడ్డించి, దాక తెచ్చి మధ్యలో పెట్టింది. మూత తీసింది. ఆవిరిలో పీతలు ఎర్రగా, కింద ఆ పోగులు మెరుస్తూ వణుకుతూ కనిపించాయి. పిన్ని ముందు నాయనమ్మ ఆకులో కొద్దిగా వడ్డించింది. నాయనమ్మ చెయ్యి కడుక్కుని, ఆకు చుట్టూ నీళ్ళు తిప్పి, చెయ్యి అన్నంలో పెట్టింది కూడా. పెద్ద బావ దాకలోకి తొంగిచూసి నన్నడిగాడు.

"ఏంటే అవి?"

ఆ వారమే బళ్ళో పిల్లలందరికీ ఏలికపాముల మందు పోశారు. బళ్ళో అదే మాట, అదే నవ్వు. బావలు పట్నం పిల్లలు. నేనేమన్నా వాళ్ళకి ఆనేది కాదు. ఒక్కసారి వాళ్ళు నా మాటకి నవ్వితే చాలనిపించింది.

"ఏలికపాములు" అన్నాను.

నవ్వారు. నేను కోరుకున్నంతా నవ్వారు. చిన్న బావ వాంతి వస్తున్నట్టు నోరు మూసుకుని బయటికి పరిగెత్తాడు. నాయనమ్మ చెయ్యి ఆకులో ఆగిపోయింది. తన ఆకులో ఉన్నదాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. తర్వాత ఆకు మడిచింది. ఆవిడ కోపంగా లేదు, తిట్టలేదు. అన్నం మీద ఓ మాట పడ్డాక తినలేని మనిషి, అంతే. పెద్దవాళ్ళు లేస్తే మిగిలినవాళ్ళు కూచోకూడదు గనక నాన్న కూడా లేచాడు. బాబాయి తినలేదు, లేవలేదు, తలొంచుకుని ఆకుకేసి చూస్తూ కూచున్నాడు. పిన్నికి ఆ మాట తెలీదు. ఏం జరిగిందో తెలీక, గరిటె పట్టుకుని అందరి మొహాలూ చూసి, చివరికి నాకేసి చూసింది. ఆ ఇంట్లో ఆవిడకి నేనొక్కదాన్నే కదా స్నేహం. "తినండి" అంది నాతో. నేను బావల వెనకాల వానలోకి పరిగెత్తాను.

తినకుండా తీసుకురాకూడదు. అది శాస్త్రం. "శ్రావణంలో మంచిరోజు చూసి తెచ్చుకుందాం, మళ్ళీ ఇంకేదన్నా వండుతుంది" అంది నాయనమ్మ. ఆ మాట మనస్ఫూర్తిగానే అందని ఇప్పటికీ నమ్ముతాను. శ్రావణంలో దాయాదుల ఇంట్లో మైల వచ్చింది. భాద్రపదం మంచిది కాదన్నారు. తర్వాత మూఢం. తర్వాత కోతలు. ఆ తర్వాత అడిగేవాళ్ళు లేకపోయారు, ఎందుకంటే అప్పటికి బాబాయి తన రేకుపెట్టె తీసుకుని పాకలోకే వెళ్ళిపోయాడు. పాకకి మట్టిగోడలు లేచాయి, ఇంకొన్నాళ్ళకి పెంకులు పడ్డాయి. గొడవ పడలేదు, పంపకాలు కాలేదు. పండగలకి ఇటునుంచి అటు పళ్ళేలు వెళ్ళేవి. పిన్ని మాత్రం మా గుమ్మం తొక్కలేదు. పిలిచినవాళ్ళు లేరు, పిలవకుండా వచ్చే మనిషి కాదు. నేను ఒక్క మాట, "నాయనమ్మా, ఊరికే అన్నాను, అది చాలా బాగుంటుంది" అని అనుంటే సరిపోయేదేమో. ఎన్నోసార్లు అనబోయి మానేశాను. ముందు భయం, తర్వాత సిగ్గు, తర్వాత చదువులు.

నా పెళ్ళయిన మొదటి ఆషాఢం నేనూ పుట్టింటికి వచ్చాను. నాకు పుట్టిల్లుంది గనక పన్నెండు గదుల ఇంట్లో కాలు కింద పెట్టనివ్వకుండా చూశారు. ఒక మధ్యాహ్నం పాకకు వెళ్ళాను. బాబాయి పోయి అప్పటికి రెండేళ్ళు. పిన్ని జుట్టు నెరిసింది. తెలుగు మాత్రం మాకన్నా బాగా వచ్చేసింది. ఎలా ఉన్నావు పిన్నీ అంటే, "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి, ఏముందమ్మా" అని నవ్వింది. అదే అదను అనుకుని, "పిన్నీ, చిన్నప్పుడు పీతల్లో చాజన్ వేసి పెట్టేదానివి. ఒకసారి వండవూ?" అన్నాను. తిందామని కాదు, ఆ వంకతో క్షమించమని అడుగుదామని.

"చాజనా? అదేంటండి?" అంది పిన్ని. నాకేసి చూడలేదు. "నాకు పీతల పులుసొక్కటే వచ్చు."

పులుసు పెట్టింది. చింతపండు, కారం, బెల్లం ముక్క, అచ్చం మా నాయనమ్మ చేతి పులుసు. తిని, ఏమీ అడక్కుండా వచ్చేశాను. నెలాఖరుకి మా అత్తింటివాళ్ళు నన్ను తీసుకెళ్ళడానికి వస్తే, మా అమ్మ ఆ పులుసే పెరటి గుమ్మంలోంచి అందుకుని వడ్డించింది. మా మావగారు మారు వడ్డించుకున్నారు. ఎవరు వండారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పుట్టింటి భోజనం తృప్తిగా తిన్నారని అదే రోజు నన్ను తీసుకెళ్ళారు.

ఇప్పుడా ఇల్లు లేదు, పాకా లేదు. అమ్మేశాం. అక్కడ చెరువులు తవ్వారు, రొయ్యలు పెంచుతున్నారు. హాసిని తెప్పించిన పీతలు కూడా అలాంటి చెరువులోవే, రాజమండ్రిలో మా ఫ్లాట్ గుమ్మం ముందుకి ఐసుపెట్టెలో వచ్చాయి. ఆ రోజు అమావాస్యో పౌర్ణమో కూడా ఎవరికీ తెలీదు. నేను క్యాలెండర్ చూశాను, పౌర్ణమి వెళ్ళి రెండు రోజులు. కండ లేదు, డొల్ల. అయినా అందరూ చప్పరిస్తూ తిన్నారు. మా అల్లుడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. హాసిని తమ్ముడు ఒక పోగుని సర్రుమని నోట్లోకి లాక్కుని, "అమ్మమ్మా, చూడు, పాము!" అన్నాడు. అందరూ నవ్వారు. వాడి మాటకి ఒక్కరు కూడా లేవలేదు. ఎవరి గతీ మారలేదు. అదే మాట, అదే తిండి, మా ఇంటి రక్తమే. కాలం మంచికే మారిందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాను. ఒప్పుకుంటే ఎవరికేం ఒరిగింది? మారిన కాలం వెనక్కెళ్ళి పాకలో ఉన్న మనిషిని తీసుకురాలేదు కదా. పంటినొప్పి అని చెప్పి లేచాను. లేస్తూ నా కంచం చూసుకుంటే అచ్చం నాయనమ్మ వదిలినట్టే వదిలాను.

పిన్ని పోయినప్పుడు నేను ఊళ్ళో లేను. కర్మ కూడా అయిపోయాక వెళ్ళాను. చివరి రోజుల్లో జ్వరం తలకెక్కి, పాతికేళ్ళుగా మాట్లాడుతున్న తెలుగు పోయి, వచ్చిన కొత్తల్లో మాట్లాడినట్టు మాట్లాడిందట. మా అమ్మ గంజి కాచి, వెనక గుమ్మం దిగి, పాకకు తీసుకెళ్ళి నోటి దగ్గర పెడితే తాగలేదట. చేత్తో తోసేసి గుమ్మంకేసి చూపించిందట. మా అమ్మ ఆ మాట నాకు చెబుతూ ఏడ్చింది. నేను చేసింది మా అమ్మకి తెలుసో తెలీదో ఈనాటికీ నాకు తెలీదు.

"ముందు వాళ్ళు తినాలండి" అందట పిన్ని. "వాళ్ళు తింటే నన్ను తీసుకెళతారండి."